బెల్టు పెట్టుకున్నా సీట్ బెల్ట్ లైటు ఆరడం లేదు, 2011 మోడల్ కారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారి_గట్టు (రాజమండ్రి):

అందరికీ నమస్కారం. మాది 2011 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం, ముందు రెండు ఎయిర్‌బ్యాగులున్న టాప్ వేరియంట్. ఇంజన్‌తో ఏ ఇబ్బందీ లేదు. కానీ ఈ మధ్య డ్రైవర్ బెల్టు టక్కుమని పడేలా పెట్టుకున్నా మీటర్‌లో ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటోంది, బండి కాస్త స్పీడు అందుకోగానే బీప్ మొదలవుతోంది. అన్నిసార్లూ రాదు. గుంతలో పడితే వస్తుంది, స్పీడ్ బ్రేకర్ దాటితే ఒక్కోసారి దానంతటదే ఆరిపోతుంది. నాన్నగారు నడిపినప్పుడు దాదాపు రాదు, మా ఆవిడ నడిపితే మాత్రం ఇంటి దగ్గర్నుంచి స్కూలు దాకా మోగుతూనే ఉంటుంది. తను సీటు బాగా ముందుకు జరుపుకుంటుంది, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో గానీ చెప్పడం మంచిదని చెప్తున్నా.

ఒక మెకానిక్ బజర్ వైరు కట్ చేసేస్తే గొడవ వదిలిపోతుంది అన్నాడు. ఇంకో చోట బెల్టు లాక్ మొత్తం మార్చాలి, పాత మోడల్ కాబట్టి పార్టు ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు, ఎవరూ కనీసం సీటు కిందకి వంగి చూడలేదు. నాకు వైరు కోయించడం ఇష్టం లేదు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి, ఈ లైటుకి ఎయిర్‌బ్యాగ్‌తో లింకు ఉంటుందని ఎక్కడో విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇంట్లో మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు. వరసగా ఏం చూసుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆటోనగర్_ఎలక్ట్రికల్ (విజయవాడ):

బ్రదర్, సీటు జరిపితే వస్తోంది అన్నారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. లాక్ మార్చడానికి తొందరపడకండి.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చెప్తా. మీరు బెల్టు క్లిప్పు దూర్చే ఎర్ర బటన్ లాక్ లోపల ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దాన్నుంచి మామూలుగా రెండు వైర్లు సీటు కిందకి దిగి, కనెక్టర్‌లో కలిసి, కార్పెట్ కింద నుంచి మీటర్‌కో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌కో పోతాయి. క్లిప్పు లోపలికి వెళ్తే స్విచ్ స్థితి మారుతుంది, లైటు ఆరుతుంది. కొన్ని బళ్ళలో బెల్టు తీసినప్పుడు ఎర్త్ కలుస్తుంది, కొన్నింటిలో పెట్టినప్పుడు కలుస్తుంది, అది కంపెనీని బట్టి. మనకి కావాల్సింది ఒక్కటే, క్లిప్పు పెట్టినా తీసినా రీడింగ్ మారుతోందా లేదా.

కీ ఆన్ చేయగానే పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు కూడా కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అది ఆరకుండా ఉండిపోతే, లేదా అసలు వెలగకపోతే, ఇక్కడితో ఆపి స్కానర్ ఉన్న చోటికి తీసుకెళ్ళండి. అది ఇంట్లో చేసే పని కాదు. ఆరిపోతోంది అంటేనే కింద చెప్పినవి చేయండి.

లాక్‌లోకి టార్చ్ వేసి చూడండి. నేను విప్పిన లాకుల్లో రూపాయి బిళ్ళలు, చాక్లెట్ కాగితాలు, పల్లీ పొట్టు, ఒకసారి పిల్లల హెయిర్ క్లిప్ కూడా దొరికాయి. కూల్ డ్రింకో టీయో ఒలికితే లోపల జిగురు కట్టి స్విచ్ ఇరుక్కుంటుంది. వ్యాక్యూమ్ క్లీనర్ సన్న మూతి పెట్టి లాగండి, ఎయిర్ ఉన్న పంక్చర్ షాపులో కొంచెం దూరం నుంచి గాలి కొట్టించుకోండి, క్లిప్పుని ఒక పది పదిహేనుసార్లు పెట్టి తీయండి. నూనె, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే మాత్రం లోపల కొట్టొద్దు. రెండు రోజులు బాగానే ఉన్నట్టుంటుంది, తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది, లాక్ పట్టు కూడా నమ్మడానికి వీల్లేకుండా పోతుంది. ప్లాస్టిక్‌కి పనికొచ్చే కాంటాక్ట్ క్లీనర్ అయితే తక్కువగా వాడొచ్చు.

దాంతో పోకపోతే సీటు కిందకి. కీ ఆఫ్ చేసి, 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టి, ఒక పది నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో బ్యాటరీ తీశాక కూడా కాసేపు చార్జ్ నిలిచి ఉంటుంది, అది దిగిపోవాలి. కొన్ని స్టీరియోలు బ్యాటరీ తీస్తే కోడ్ అడుగుతాయి, అది ముందే చూసి పెట్టుకోండి.

సీటు పూర్తిగా వెనక్కి జరిపి ముందు నుంచి, తర్వాత ముందుకు జరిపి వెనక నుంచి చూడండి. లాక్ నుంచి దిగిన వైరు వెంటే పోతే కనెక్టర్ దొరుకుతుంది. పసుపు రంగు కనెక్టర్ గానీ పసుపు తొడుగున్న వైరు గానీ కనపడితే చెయ్యి పెట్టొద్దు, మల్టీమీటర్ అసలే పెట్టొద్దు. అవి ఎయిర్‌బ్యాగ్, ప్రీటెన్షనర్ లైన్లు. యాక్సిడెంట్‌లో బెల్టుని ఒక్కసారిగా వెనక్కి లాగే చిన్న మందు గుళిక లాంటిది ప్రీటెన్షనర్‌లో ఉంటుంది, మల్టీమీటర్ నుంచి వచ్చే ఆ కొంచెం కరెంటుకి కూడా అది పేలే ప్రమాదం ఉంది. కొన్ని బళ్ళలో అది లాక్ వైపే ఉంటుంది, అందుకే ఇంతగా చెప్తున్నా.

మామూలు రంగు రెండు పిన్నుల కనెక్టర్ విప్పి లాక్ వైపు పిన్నుల మీద మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (కరెంటు దారి కలిసి ఉందో తెగిందో చూపించే సెట్టింగ్) పెట్టండి. క్లిప్పు పెట్టి తీస్తూ ఉంటే రీడింగ్ మారుతుంటే లాక్ బాగుంది, తప్పు వైరుదో కనెక్టర్‌దో. మారకపోతే స్విచ్ పోయింది, అప్పుడు లాక్ మార్చాల్సిందే. మీటర్ పెట్టి ఉంచే, ఎవరినైనా సీటు ముందుకీ వెనక్కీ జరపమనండి. ఎక్కువమంది ఇది చేయరు, అసలు తప్పు బయటపడేది ఇక్కడే.

పిన్నుల మీద పచ్చగా చిలుము ఉందేమో కూడా చూడండి. కార్పెట్ తడిగా ఉంటే నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తున్నాయో పట్టుకోకుండా ఎన్నిసార్లు క్లీన్ చేసినా లాభం లేదు. పక్క సీటు వైపు తడి అయితే చాలాసార్లు ఏసీ నీళ్ళు పోయే పైపు మూసుకుపోయి ఉంటుంది.

హైవే_77:

ఇంత కష్టం ఎందుకు అన్నా, బెల్టు బదులు లాక్‌లో దూర్చే డమ్మీ క్లిప్పులు ఉంటాయి కదా, యాక్సెసరీస్ షాపులో అడిగితే ఇస్తారు. ఒకటి పెట్టి చూడండి, సౌండ్ ఆగితే ఆగినట్టే.

పాత_స్టీరింగ్ (హైదరాబాద్):

హైవే గారూ, ఆయన బాధ బెల్టు పెట్టుకున్నా మోగుతోందని. డమ్మీ క్లిప్పు దూరిస్తే అసలు బెల్టు దూర్చడానికి చోటే ఉండదు. పైగా వైరులో తప్పు ఉంటే దానికీ మోగుతూనే ఉంటుంది.

ఇక ఆ క్లిప్పుల సంగతి. 2023 మే నెలలో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ ఐదు పెద్ద ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకి ఆర్డర్లు ఇచ్చి వీటిని తీయించింది, 13,118 లిస్టింగులు పోయాయి. దేశంలో 2021లో బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్ళు 16,397 మంది అని రవాణా శాఖ లెక్క, అందులో 8,438 మంది స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళు, మిగతా 7,959 మంది పక్కనో వెనకో కూర్చున్నవాళ్ళు. క్లిప్పు అమ్మేవాడికి ఇవేం పట్టవు, మనకి పట్టాలి.

గోదారి గారు అడిగిన ఎయిర్‌బ్యాగ్ లింకు నిజమే. మోడల్‌ని బట్టి తేడా ఉంటుంది గానీ, చాలా కార్లలో బెల్టు స్విచ్ సమాచారం ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌కి కూడా వెళ్తుంది, కొన్నింటిలో ప్రీటెన్షనర్ పేల్చాలా వద్దా, బ్యాగ్ ఏ దెబ్బకి తెరవాలి అనేది దాన్ని చూసే నిర్ణయిస్తుంది. బ్యాగ్ తెరుచుకోవడం సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. ఆ టైమ్‌కి మనిషిని సీటుకి పట్టి ఉంచాల్సింది బెల్టే. బెల్టు లేనివాడు అప్పటికే ముందుకి ఎగిరి స్టీరింగ్ మీదకి వచ్చేసి ఉంటాడు, కాపాడాల్సిన బ్యాగే మెడకీ ఛాతీకీ దెబ్బ తగిలిస్తుంది. కాబట్టి స్విచ్ అబద్ధం చెప్పేలా చేయడం, వైరు కోయడం రెండూ తప్పే.

చట్టం సంగతి కూడా. డ్రైవర్‌కీ పక్కసీటుకీ ఈ రిమైండర్ తప్పనిసరి అయింది 2019 జులై 1 నుంచి తయారైన కార్లకి, ఏఐఎస్-145 అనే వాహన భద్రతా ప్రమాణం కింద. మీ 2011 బండికి ఆ రూల్ వర్తించదు, కంపెనీ తనంతట తను ఇచ్చిన సౌకర్యం. కానీ బెల్టు పెట్టుకోవడం అన్ని బళ్ళకీ వర్తిస్తుంది, మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల ఫైన్. పిల్లలున్న ఇల్లు అన్నారు కాబట్టి చెప్తున్నా, వెనక సీటు బెల్టులు కవర్ల కింద మడిచిపెట్టి ఉంటే ఈ పనిలో పనిగా బయటికి తీసి లాకులు పనిచేస్తున్నాయో చూడండి. టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ 2022లో మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో చనిపోయింది వెనక సీట్లో, బెల్టు లేకుండా కూర్చునే.

గోదారి_గట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోతోంది, అది బానే ఉంది. లాక్‌లో కొంచెం దుమ్ము తప్ప ఏం దొరకలేదు. ఈ ఆదివారం బ్యాటరీ తీసి మీటర్ పెట్టా. క్లిప్పు పెట్టి తీస్తుంటే రీడింగ్ ప్రతిసారీ చక్కగా మారుతోంది. కానీ సీటు చివరి రెండు మూడు గాట్ల దాకా ముందుకి జరిపితే మారడం ఆగిపోతోంది, వెనక్కి లాగితే మళ్ళీ మామూలే. పిన్నులు శుభ్రంగానే ఉన్నాయి, కార్పెట్ పొడిగానే ఉంది. అంటే వైరేనా? బయటికి ఎక్కడా తెగినట్టు కనపడటం లేదు.

ఆటోనగర్_ఎలక్ట్రికల్:

వైరే. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉండి లోపల రాగి తీగలు తెగిపోవడం సీటు కింద చాలా మామూలు. వంగిన చోటే మళ్ళీ మళ్ళీ వంగి ఒక్కో పోగూ తెగుతుంది, వైరు వదులుగా ఉన్నప్పుడు కొసలు తగులుతాయి, లాగినప్పుడు విడిపోతాయి. గుంతల్లో రావడం, మీ ఆవిడ నడిపితే రావడం అన్నీ దీనికి సరిపోతాయి. వైరుని వేళ్ళతో అంగుళం అంగుళం వంచుతూ పోండి, ఒక చోట మెత్తగా, తాడులా వంగుతుంది. అక్కడే తెగింది. కొత్త సీటు కవర్లు వేయించారా ఈ మధ్య?

డాలస్_తెలుగోడు:

ఇక్కడ అమెరికాలో పాత కారు నడుపుతున్న మనవాళ్ళకి ఒక మాట. రిపేరుకి డబ్బు పెట్టే ముందు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (ఇక్కడి రోడ్డు భద్రత ప్రభుత్వ సంస్థ) సైట్‌లో మీ విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) కొట్టి రీకాల్, అంటే తయారీ లోపం సరిచేయడానికి కంపెనీ బళ్ళని వెనక్కి పిలవడం, ఉందేమో చూసుకోండి, ఉంటే మామూలుగా డీలర్ ఉచితంగా చేస్తాడు. కొన్ని కంపెనీలు సీటు బెల్టుకి మిగతా బండి కన్నా చాలా ఎక్కువ కాలం వారంటీ ఇస్తాయి, కాబట్టి వారంటీ పుస్తకం తీసి చదవండి.

ఇక్కడ 1974 మోడల్ కార్లలో బెల్టు పెట్టుకోకపోతే ఇంజనే స్టార్ట్ కాకుండా ఇంటర్‌లాక్ పెట్టారు. సీటు మీద కిరాణా సంచి పెట్టినా మనిషి కూర్చున్నాడనుకుని బండి కదిలేది కాదు. జనం ఎంత గోల చేశారంటే అదే ఏడాది అక్టోబర్‌లో కాంగ్రెస్ చట్టం చేసి దాన్ని తీయించేసింది. బెల్టు పెట్టించడానికి ఇప్పుడున్న లైటూ బీప్ చాలా మెత్తని పద్ధతి, దాన్ని బాగు చేయించుకుని ఉంచుకోవడమే మేలు.

గోదారి_గట్టు:

దొరికింది! కనెక్టర్‌కి జానెడు దూరంలో మీరు చెప్పినట్టే మెత్తగా వంగింది. అవును అన్నా, కవర్లు వేయించాం. వేసినవాళ్ళు వేలాడుతున్న వైర్లన్నీ కలిపి సీటు కింద రాడ్‌కి కేబుల్ టైతో బిగించేశారు. సీటు ముందుకి పోయినప్పుడల్లా అక్కడే లాగుతోంది. టై కత్తిరించేశా. ఇప్పుడు అతుకు ఎలా వేయాలి, మెలితిప్పి టేపు చుడితే సరిపోతుందా?

ఆటోనగర్_ఎలక్ట్రికల్:

టేపు వద్దు బ్రదర్, ఎండాకాలం జిగురు కరిగి ఊడిపోతుంది. తెగిన ముక్క కొంచెం ఎక్కువే కోసేసి, అంతే మందం ఉన్న ఆటో వైరు ముక్క మధ్యలో కలిపి సోల్డర్ చేయండి. అంతకుముందే హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే ముడుచుకుని వైరుని పట్టేసే ప్లాస్టిక్ గొట్టం) వైరు మీదకి ఎక్కించుకోవాలి, తర్వాత ఎక్కదు. రెండు వైర్ల అతుకులూ ఒకే చోట పడకుండా కొంచెం ఎడంగా వేయండి. సోల్డర్ చేసిన చోటు గట్టిపడి దాని అంచు దగ్గర మళ్ళీ తెగే అవకాశం ఉంటుంది కాబట్టి అతుకు వంగే భాగంలో కాకుండా కదలని వైపు వచ్చేలా చూసుకోండి. సీటు మొదటి గాటు నుంచి చివరి గాటు దాకా జరిపి, ఎక్కడా లాగకుండా, పట్టాలో ఇరుక్కోకుండా వదులు ఉందని చూశాకే బ్యాటరీ పెట్టండి. పసుపు లైన్లని కూడా ఆ టైతో కట్టి ఉంటే వాటి తొడుగు నలిగిందేమో కంటితో చూడండి, ముట్టుకోకుండా. నలిగితే షోరూమ్‌లో చూపించాలి.

గోదారి_గట్టు:

పసుపు వైరు దానిలో లేదు, వేరేగా పోతోంది. అతుకు మా వీధిలో టీవీలు బాగుచేసే ఆయన చేత వేయించా, నేను పక్కనే ఉండి మీరు చెప్పింది చెప్పినట్టు చేయించా. సీటు ముందుకి పెట్టి కడియం దాకా గుంతల రోడ్డు మీద వెళ్ళొచ్చాం, లైటు రాలేదు. బెల్టు తీస్తే వెంటనే వస్తోంది. పక్కసీటు కింద కూడా అలాగే కట్టేసి ఉంది, అది కూడా వదులు చేశా. వెనక బెల్టుల్లో రెండు లాకులు కవర్ కింద ఉండిపోయాయి, కవర్‌కి చీలిక పెట్టించి పైకి తీశాం.

హైవే_77:

మంచిది అన్నా. మా బాబాయి వాళ్ళ బండిలో డమ్మీ క్లిప్పు నేనే చూశా, రేపు వెళ్ళి సీటు కింద వైరు చూసి వస్తా.