ప్రొటీన్ ఆకారమే క్యాన్సర్ తెస్తుందా?

శ్రావణి: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి ఎక్కడ చదివినా "హెచ్‌పీవీ వల్ల వస్తుంది" అని వదిలేస్తున్నారు. అసలు కారణం ఆ వైరస్ తయారుచేసే రెండు ప్రొటీన్ల ఆకారమే అని నా వాదన. క్యాన్సర్ తెచ్చే 16వ రకం హెచ్‌పీవీలోని ఈ7 (E7) ప్రొటీన్‌లో ఉన్నది 98 అమైనో ఆమ్లాలే. అందులో ఒక చిన్న ముక్క మన కణ విభజనకు బ్రేకు వేసే ఆర్‌బీ ప్రొటీన్ గాడిలో సరిగ్గా ఇరుక్కుంటుంది, బ్రేకు ఊడిపోతుంది. పులిపిర్లు తెచ్చే 6వ రకంలోనూ ఈ7 ఉంది, కానీ దాని పట్టు బలహీనం. ఆ ముక్క పక్కన ఉన్న ఒక్క అమైనో ఆమ్లాన్ని 16వ రకంలో ఉన్నట్టు మారిస్తే పట్టు పెరుగుతుంది. ఒక్కటంటే ఒక్కటి! ఇక రెండో వైరస్ ప్రొటీన్ ఈ6 (E6) ముందు మన కణంలోని ఇంకో ప్రొటీన్‌ను కలుపుకుంటుంది. ఆ జంట కలిసి, దెబ్బతిన్న కణాలు విభజన చెందకుండా కాపలా కాసే పీ53 అనే మన ప్రొటీన్‌ను పట్టుకుని నాశనానికి పంపిస్తుంది.

కిరణ్: శ్రావణి గారూ, వివరాలు సరైనవే, ముగింపుతోనే పేచీ. ఈ వైరస్ సోకినవాళ్లలో చాలామందికి ఒకటి రెండేళ్లలో అదే పోతుంది. పోనివాళ్లలో కూడా క్యాన్సర్ రావడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ముప్పు 6 రెట్లు. ప్రొటీన్ ఆకారం అందరిలోనూ అదే కదా? తేడా తెచ్చేది రోగనిరోధక శక్తి.

శ్రావణి: ఎవరికి వస్తుంది అన్నది రోగనిరోధక శక్తి మీద ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ హీలా కణాల సంగతి చూడండి. 1951లో ఇదే క్యాన్సర్ ఉన్న ఒక రోగి కణితి నుంచి తీసినవి, 18వ రకం వైరస్ ఉన్నవి. దాదాపు యాభై ఏళ్లు ల్యాబుల్లో పెరిగి ఎన్నో మార్పులు పోగేసుకున్నాక కూడా, ఈ6, ఈ7 తయారీని ఆపగానే విభజన ఆగింది. అన్నేళ్ల తర్వాత కూడా వాటి పెత్తనమే నడుస్తోంది.

పద్మ: నాకు సైన్స్ అంతగా తెలియదండీ. మా పిన్ని ఈ జబ్బుతోనే పోయింది, అందుకే చదువుతున్నాను. వైరస్ ప్రొటీనే ఇంత పని చేస్తే, టీకాలో ఉండేదీ వైరస్ ప్రొటీనే కదా? మా పాపకి 12 ఏళ్లు. టెన్షన్‌గా ఉంది.

శ్రావణి: పద్మ గారూ, టీకాలో ఈ6, ఈ7 ఉండవు. ఉండేది పై పెంకు ప్రొటీన్ ఎల్1 మాత్రమే. 360 ఎల్1లు ఐదేసి చొప్పున జట్టుకట్టి బంతిలా అమరుతాయి. లోపల వైరస్ డీఎన్ఏ ఉండదు, కాబట్టి అది సోకే అవకాశమే లేదు. చూడటానికి వైరస్ లాగే ఉండటంతో శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. పాప వయసు కూడా సరైనదే, పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి.

కిరణ్: ఇందులో నాకు పేచీ లేదు. పద్మ గారూ, పాపతో పాటు మీ సంగతి కూడా చూసుకోండి. నేను చెప్పిన ఆ 15, 20 ఏళ్లలోనే స్క్రీనింగ్‌తో, అంటే లక్షణాలు లేకపోయినా చేసే పరీక్షతో, జబ్బు ముదరకముందే పట్టుకోవచ్చు. 30 దాటితే చేయించుకోవాలి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లయితే 25 నుంచే.