పాత హాస్పిటల్ చాపెల్: పెంకులు తీసి స్లాబ్ వేయాలా?

హన్మకొండ వాసి: మా దగ్గరి పాత మిషన్ హాస్పిటల్‌లో చాపెల్, అంటే చిన్న ప్రార్థన మందిరం, వానాకాలమంతా కారింది. బెంగళూరు పెంకులు తీసేసి స్లాబ్ వేయాలని, గోడలకు సిమెంటు పూయాలని కమిటీ అంటోంది. మీరేమంటారు?

రాతిగోడ: సిమెంటు వద్దే వద్దు. అవి సున్నంతో కట్టిన గోడలు. నేల తేమ పైకెక్కినా సున్నంలోంచి మెల్లగా ఆరిపోతుంది. సిమెంటు పూస్తే లోపలే నిలిచి ఉప్పు తేలుతుంది. తలుపు పక్కన ఇదివరకు సిమెంటుతో అతుకు వేసిన చోట చూడండి. మోకాలి ఎత్తుదాకా పొక్కులు లేచాయి, వేలు తగిలితే తెల్లటి పొడి రాలుతుంది. దాన్ని ఆనుకునే ఉన్న సున్నం గోడకు ఏమీ కాలేదు. బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి డంగు సున్నం చేసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. పగిలిన పెంకులు, పుచ్చిన వాసాలు మారిస్తే చాలు.

కాజీపేట జంక్షన్: అన్నా, వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం విప్పి మళ్లీ నిలబెట్టి తెరిచేసరికి 2024 వచ్చింది. ఎన్నేళ్లు ఎదురుచూశామో వరంగల్ వాళ్లకు చెప్పాలా? పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు ఇక్కడ వరండాలో చాపలేసుకుని పడుకుంటున్నారు.

రాతిగోడ: అది రాళ్లన్నీ విప్పి పునాది నుంచి కట్టిన పని. ఇది పెంకులు మార్చే పని. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ఓరుగల్లు బిడ్డ: నా ఓటు స్లాబ్‌కే. పెంకులు ఎన్నిసార్లు మార్చినా కోతులు ఉండనియ్యవు.

రాతిగోడ: మా నాన్న కూడా కోతుల బాధ పడలేక పాత గోడల మీద స్లాబ్ వేయించారు. ఆ బరువుకు గోడలు నెర్రెలిచ్చాయి. చివరికి ఇల్లే కూల్చుకున్నాం.

కాజీపేట జంక్షన్: మీ ఇంటి గొడవ ఇక్కడెందుకు? పొద్దున్నుంచి సున్నం, సున్నం! ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ చాపెల్‌కు తాళమే. మా అమ్మ ఆపరేషన్ రోజు కాసేపు కూర్చుందామని వెళ్తే వాచ్‌మన్ "సంఘస్థులకే" అని వెనక్కి పంపాడు. మేం హిందువులం. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు హాస్పిటల్ పెట్టినప్పుడు డబ్బిచ్చిన నర్సాగౌడ్ కూడా హిందువే. మా ఇళ్ల డబ్బు పనికొచ్చింది, మేం లోపల కూర్చోవడానికి పనికిరామా?

రాతిగోడ: మిమ్మల్ని ఆపడం ముమ్మాటికీ తప్పు. కానీ తాళం ఎందుకు పడిందో కూడా వినండి. బెంచీల మీద టిఫిన్లు తిన్నారు, కిటికీలకు తడిబట్టలు ఆరేశారు. మా అమ్మానాన్నల పెళ్లి అక్కడే జరిగింది. నాన్న పెట్టెను చివరిసారి పెట్టిందీ అక్కడే. స్లాబ్ పడితే రేపు పైన గదులు లేపుతారు, కింద వెయిటింగ్ హాల్ చేస్తారు. నా భయం అది.

కాజీపేట జంక్షన్: ఆ మాట మొదటే అనాల్సింది. అటెండెంట్లకు వేరే షెడ్డు కట్టమని అర్జీ పెట్టండి, నేనూ సంతకం చేస్తాను. పెంకులే ఉంచండి. కానీ తాళం తీయాలి, రాత్రిపూట కూడా.

రాతిగోడ: పగలంతా తీయమనండి, ఒప్పుకుంటాను. రాత్రి కాపలా ఎవరుంటారు?

కాజీపేట జంక్షన్: హాస్పిటల్‌కు నైట్ వాచ్‌మన్ ఎలాగూ ఉన్నాడు కదా. ఐసీయూ బయట కూర్చున్నవాళ్లకు రాత్రే ఎక్కువ అవసరం. నేను తగ్గేది లేదు.