వెన్న గోపురమా, వెన్న బురుజా?

ఫ్రాన్స్‌లో సేన్ నది ఒడ్డున ఉన్న రువాన్ నగరంలో కతీడ్రల్ అనే చర్చి చరిత్రను అనువదిస్తున్నాను. ముందు నిలబడి చూస్తే కుడిచేతి వైపు ఉండే టవర్‌ను అక్కడివాళ్లు 'తూర్ ద బర్' అంటారు. తూర్ అంటే టవర్, బర్ అంటే వెన్న. 'వెన్న గోపురం' అని రాశాను గానీ గుడి వాసన వస్తోంది. 'బురుజు' అంటే కోట అయిపోతుంది. ఏది ఉంచమంటారు?

*

గోపురం వద్దండీ. గోపురం అంటే కింద వాకిలి ఉండాలి, జనం దాని కిందుగా లోపలికి నడవాలి. రువాన్‌లో తలుపులు రెండు టవర్లకూ మధ్యన ఉన్నాయి. శిఖరం అనే మాట నడిమధ్యన ఉన్న ఇనుప మొనకైతే సరిపోతుంది. 151 మీటర్లు, 1876లో పూర్తయినప్పుడు ప్రపంచంలో అంతకన్నా ఎత్తైన కట్టడం లేదు. ఈ వెన్న టవర్‌కి మొన కూడా లేదు, పైన ఎనిమిది మూలల కిరీటంలా ఆగిపోతుంది. నా ఓటు బురుజుకే.

*

టవర్ సంగతి సరే, వెన్న మాటేమిటి? తెలుగువాడికి వెన్న అనగానే కృష్ణుడే గుర్తొస్తాడు, ఏ ఉట్టి కథో అనుకుంటాడు. అసలు కథ వేరు. ఆ రోజుల్లో ఈస్టర్‌కి ముందు తపస్సుకాలం నలభై రోజులూ మాంసంతో పాటు పాలు, వెన్న కూడా నిషేధం. ఫ్రాన్స్ దక్షిణాదివాళ్లకి ఆలివ్ నూనె ఉండేది. రువాన్ ఉన్న నార్మండీలో వంటంతా వెన్నతోనే. అందుకని చర్చికి డబ్బు కట్టి వెన్న తినడానికి అనుమతి తెచ్చుకునేవాళ్లు. ఆ డబ్బుతో 1485లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లకు పైగా ఈ టవర్ కట్టారని చెబుతారు. రాయి పసుపు రంగు వల్ల ఆ పేరొచ్చిందనేవాళ్లూ ఉన్నారు, నాకైతే డబ్బు కథే రుచిగా ఉంది. 'వెన్న ముడుపుల టవర్' అనండి. ముడుపు మొక్కుకీ పనికొస్తుంది, లంచానికీ పనికొస్తుంది!

*

ముడుపు బాగుంది గానీ పేరులో అంత ఎకసెక్కెం ఉండకూడదేమో. ఇంకో మాట. 'కతీడ్రల్'ని 'పెద్ద చర్చి' అని మాత్రం రాయకండి. గ్రీకులో కథెద్రా అంటే కుర్చీ. బిషప్ కుర్చీ ఉన్న చర్చే కతీడ్రల్, చిన్నదైనా సరే. అందులోని 'హెద్రా', మన సదస్సులోని 'సద్' ఒకే ధాతువు పిల్లలు. తెలుగు కతోలికులు బిషప్‌ని పీఠాధిపతి అనడం ఊరికే కాదు.

గోపురం మీద అభ్యంతరం నాకు లేదు. మా ఊళ్లో చర్చి గంట ఉన్నచోటుని అందరూ గోపురమనే అంటారు. దాని కింద వాకిలి ఉందా అని ఎవరూ వంగి చూడలేదు.

*

అందరికీ థాంక్స్. 'వెన్న గోపురం' ఉంచేస్తున్నాను. తపస్సుకాలం కథ పక్కనే రెండు వాక్యాల్లో చెబుతాను. కతీడ్రల్‌ని కతీడ్రల్‌గానే వదిలేస్తాను.