పాసివ్ సబ్‌వూఫర్‌కు చిన్న ఆంప్లిఫయర్: ఏది తీసుకోవాలి?

అడిగినవారు: మంద్రస్థాయి

అందరికీ నమస్కారం. పాత హోమ్ థియేటర్ సెట్‌లో రిసీవర్ పాడైపోయింది గానీ, దానితో వచ్చిన పాసివ్ సబ్‌వూఫర్ (సొంత ఆంప్లిఫయర్ లేని బేస్ స్పీకర్) ఇప్పటికీ బాగానే ఉంది. ఎనిమిది అంగుళాల కోన్, ముందువైపు ఒక పోర్ట్ (గాలి వచ్చిపోయే గొట్టం), వెనక రెండు స్ప్రింగ్ టెర్మినళ్లు తప్ప ఆ పెట్టెలో మరేమీ లేదు. వెనక అంటించిన కాగితం మీద 4 ఓమ్‌లు, 100 వాట్లు అని ఉంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే 3.4 ఓమ్‌లే చూపిస్తోంది. ఈ తేడా సహజమేనా, లేక కోన్‌ను కదిలించే తీగచుట్ట (కాయిల్) దెబ్బతిన్నదా అన్నది నా మొదటి సందేహం.

ప్రస్తుతం కంప్యూటర్ నుంచి డాక్ (డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చే పరికరం), డాక్ నుంచి చిన్న స్టీరియో ఆంప్లిఫయర్, దానికి ఐదంగుళాల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఇదీ నా అమరిక. ఆ ఆంప్లిఫయర్‌కు సబ్‌వూఫర్ అవుట్‌పుట్ లేదు. వాల్యూమ్ మాత్రం కంప్యూటర్‌లోనే మారుస్తాను. కొత్తది టీవీ బల్ల కింద ఇమడాలి కాబట్టి అరచేతిలో పట్టేంత ఆంప్లిఫయరే కావాలి.

మూడు రకాలు చూసి పెట్టుకున్నాను. మొదటిది టీపీఏ 3116 చిప్‌తో వచ్చే మోనో ఆంప్లిఫయర్. 100 వాట్లు అని రాసి ఉంది, ముందువైపు ఫ్రీక్వెన్సీ నాబ్ ఉంది, అంటే పై శబ్దాలను కోసే ఫిల్టర్ ఉన్నట్టు. రెండోది అదే చిప్‌తో 50 చొప్పున రెండు ఛానెళ్లు ఇచ్చేది, దానికి ఫిల్టర్ లేదు. మూడోది టీపీఏ 3255 చిప్‌తో 48 వోల్టుల అడాప్టర్ మీద నడిచే 300 వాట్లది, దానికీ ఫిల్టర్ లేదు. పెట్టె మీద 100 అని ఉంది కనుక 100 వాట్ల మోనో సరిగ్గా అతుకుతుందని నా ఊహ. అనుభవం ఉన్నవారు సరిచూసి చెప్పగలరు.

సమాధానం: ఓమ్‌లెక్క

ముందుగా మీ మొదటి సందేహం తీరుస్తాను. మల్టీమీటర్ చూపేది కాయిల్ తీగ డీసీ నిరోధం మాత్రమే. కాగితం మీద రాసేది శబ్దం ఆడుతున్నప్పుడు ఉండే ఇంపిడెన్స్‌కు, అంటే మారే సిగ్నల్‌కు ఎదురయ్యే మొత్తం అడ్డుకు, ఒక నామమాత్రపు విలువ. 4 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో 3.2 నుంచి 3.6 మధ్య చూపడం మామూలే. మీ కాయిల్ క్షేమంగా ఉంది. కోన్‌ను నాలుగు వేళ్లతో సమానంగా, నెమ్మదిగా లోపలికి నొక్కి చూడండి. గీసుకున్న చప్పుడు లేకపోతే మరో అనుమానం పెట్టుకోనక్కరలేదు.

ఇక వాట్ల సంగతి. ఈ చిన్న ఆంప్లిఫయర్ల మీద రాసే అంకె ఏ ఓమ్‌లకు, ఏ వోల్టేజీకి అన్నది చూడకుండా నమ్మకూడదు. టీపీఏ 3116 గురించి తయారీదారు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చెప్పే 100 వాట్లు మోనోలో 2 ఓమ్‌ల స్పీకర్‌కు వర్తించేవి. మోనో అంటే రెండు ఛానెళ్లను సమాంతరంగా కలపడం. దానివల్ల ఎక్కువ కరెంటు ఇవ్వగల సత్తా వస్తుంది తప్ప, వోల్టేజీ పెరగదు. మీ 4 ఓమ్‌ల స్పీకర్‌కు అందే శక్తిని నిర్ణయించేది అడాప్టర్ వోల్టేజీయే. లెక్క చాలా తేలిక: అడాప్టర్ వోల్టేజీని దానితోనే గుణించి, ఓమ్‌లకు రెట్టింపు సంఖ్యతో భాగించండి. 24 వోల్టులకు 576ని 8తో భాగిస్తే 72 వస్తుంది. నష్టాలు పోగా శబ్దం పగలకుండా దక్కేది సుమారు 60 వాట్లు. పాత లాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ పెడితే ఇదే లెక్క 45 దగ్గర ఆగిపోతుంది. 36 వోల్టులకు 162, 48 వోల్టులకు 288.

అడాప్టర్ మీద ఆంపియర్లు కూడా చూడండి. 24 వోల్టులు, 2 ఆంపియర్లది పెడితే మొత్తం 48 వాట్లే కాబట్టి, బరువైన డ్రమ్ము దెబ్బ పడగానే అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. వినేవారికి అది ఆంప్లిఫయర్ తప్పులా తోస్తుంది. 24 వోల్టులు, 5 ఆంపియర్లది తీసుకుంటే ఆ బెడద ఉండదు.

నా వరకు అయితే టీపీఏ 3255 తీసుకుని 36 వోల్టుల అడాప్టర్‌తో నడుపుతాను. ఆ చిప్ 18 వోల్టుల నుంచే పనిచేస్తుంది, అవసరమైనప్పుడు శక్తికి కొరత ఉండదు.

సమాధానం: సోల్డర్‌తీగ

ఓమ్‌లెక్క గారి లెక్కతో నాకు పేచీ లేదు గానీ, చివరి సలహాతో ఏకీభవించలేను. 60 వాట్ల నుంచి 120కి వెళితే చెవికి దక్కేది 3 డెసిబెల్‌లు మాత్రమే. ఎదురెదురుగా పోల్చి వింటే తెలిసేంత తేడా అది. అదే ఫిల్టర్ లేకపోతే పాటంతా, గాయకుడి గొంతుతో సహా, బల్ల కింది నుంచి బొంగురుగా వినిపిస్తుంది. సబ్‌వూఫర్ ఎక్కడుందో చెవి పసిగట్టకుండా ఉండాలంటే సుమారు 80 హర్ట్జ్ పైన ఉన్నదంతా గట్టిగా తగ్గిపోవాలి. కాబట్టి ఫిల్టర్ ఉన్న మొదటి రకానికే నా ఓటు.

ఫిల్టర్ లేనిది కొని, స్పీకర్ తీగలో ఒక కాయిల్ పెడితే చాలదా అని మీకు అనిపించవచ్చు. 4 ఓమ్‌లకు 80 హర్ట్జ్ దగ్గర కోయాలంటే దాదాపు 8 మిల్లీహెన్రీల కాయిల్ కావాలి. అది పిడికిలంత రాగి చుట్ట, దాని నిరోధమే మీ శక్తిలో కొంత మింగేస్తుంది. అంత చేసినా కోత ఆక్టేవ్‌కు, అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ, 6 డెసిబెల్‌లే. ఆంప్లిఫయర్‌కు ముందు, చిన్న సిగ్నల్ దశలోనే కోయడం అన్ని విధాలా మేలు.

తీగలు కలిపే పద్ధతి మీ విషయంలో సులువు. వాల్యూమ్ కంప్యూటర్‌లో మారుస్తున్నారు కాబట్టి, డాక్ అవుట్‌పుట్‌కు వై కేబుళ్లు (ఒకటి రెండుగా చీలేవి) పెట్టి ఒక కొమ్మను స్టీరియో ఆంప్లిఫయర్‌కు, రెండో కొమ్మను సబ్‌వూఫర్ ఆంప్లిఫయర్‌కు ఇవ్వండి. మోనో ఆంప్లిఫయర్‌కు కుడి, ఎడమ ఇన్‌పుట్లు రెండూ ఉండాలి. లోపల కలుపుకునే పని అదే చేస్తుంది. కుడి, ఎడమ తీగలను మీరే మెలిపెట్టి ఒకటి చేయకండి, డాక్ అవుట్‌పుట్లు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి, పైగా మీ బుక్‌షెల్ఫ్ స్పీకర్లలో స్టీరియో కూడా పోతుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరిగా గుర్తుంచుకోండి. ఈ ఆంప్లిఫయర్లలో స్పీకర్ మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, అక్కడ కూడా సిగ్నల్ నడుస్తూ ఉంటుంది. దాన్ని గ్రౌండ్‌కు గానీ, మరో ఛానెల్ మైనస్‌కు గానీ తగిలిస్తే చిప్ పోవచ్చు. రెండు ఛానెళ్ల బోర్డు కొని, అవుట్‌పుట్లను బయట తీగతో కలిపి మోనో చేద్దామన్న ఆలోచన కూడా వద్దు. బోర్డు అందుకోసం తయారైతేనే ఆ పని చేయాలి.

సమాధానం: గాలిపెట్టె

పై ఇద్దరూ పోర్ట్ సంగతి తలవలేదు, నాకు అసలు చిక్కు అక్కడే కనిపిస్తోంది. పోర్ట్ ఉన్న పెట్టె ఒక ఫ్రీక్వెన్సీకి శ్రుతి చేసి ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దంలో అధికభాగం పోర్టే ఇస్తుంది, కోన్ దాదాపు నిలిచి ఉంటుంది. దానికంటే కిందికి దిగితే పెట్టెలోని గాలి కోన్‌ను ఆపలేదు. శబ్దం ఆక్టేవ్‌కు 24 డెసిబెల్‌ల చొప్పున పడిపోతుంది, కోన్ మాత్రం పట్టు తప్పి ముందుకీ వెనక్కీ ఊగిపోతుంది. అలాంటి చోట 36 వోల్టులతో వచ్చే 160 వాట్లు ఇస్తే వినపడని శబ్దం కోసం కాయిల్‌ను బలిపెట్టినట్టే. అందుకే ఎనిమిది అంగుళాల పాత కోన్‌కు 24 వోల్టులే క్షేమమని నా అభిప్రాయం.

మీ పెట్టె శ్రుతి ఎంతో ఇంట్లోనే కనుక్కోవచ్చు. కంప్యూటర్‌లో టోన్ జనరేటర్ తెరిచి, తక్కువ వాల్యూమ్‌లో 70 హర్ట్జ్‌తో మొదలుపెట్టి ఒక్కో హర్ట్జే తగ్గిస్తూ రండి. గదిలో దీపం ఆర్పి, కోన్ మీద పక్కనుంచి టార్చి వెలుగు పడేలా పెట్టుకుంటే కదలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఒకచోట కోన్ కదలిక బాగా తగ్గి, పోర్ట్ ముందు పెట్టిన అరచేతికి గాలి గట్టిగా తగులుతుంది. అదే మీ శ్రుతి. ఆ తరువాత కంప్యూటర్ ఈక్వలైజర్‌లోనే అంతకు కొంచెం కింద హై పాస్ ఫిల్టర్ (తన కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) పెట్టండి. మీ ఐదంగుళాల స్పీకర్లు ఎలాగూ అంత కిందికి దిగలేవు కాబట్టి వాటికి నష్టం లేదు.

సమాధానం: ఓమ్‌లెక్క

పోర్ట్ ఉందని మీరు మొదట్లోనే రాసినా నేను పట్టించుకోలేదు. గాలిపెట్టె గారు చెప్పింది సరైనది, నా 36 వోల్టుల సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

అడిగినవారు: మంద్రస్థాయి

అందరికీ కృతజ్ఞతలు. మొదటి రకం మోనో ఆంప్లిఫయర్, 24 వోల్టులు 5 ఆంపియర్ల అడాప్టర్ తీసుకుని పది రోజులుగా వింటున్నాను. టార్చి వెలుగులో చూస్తే 43 హర్ట్జ్ దగ్గర కోన్ దాదాపు ఆగిపోయింది, చేతికి మాత్రం పోర్ట్ గాలి విసనకర్రలా తగిలింది. 38కి రాగానే అదే వాల్యూమ్‌లో కోన్ భయపడేంతగా ఊగింది. ఈక్వలైజర్‌లో 35 దగ్గర నిటారైన హై పాస్ పెట్టాక, సినిమాల్లో పేలుడు సన్నివేశాలకు కూడా ఆ ఊపు మళ్లీ కనిపించలేదు.

మొదటి రోజు మాత్రం సబ్‌వూఫర్ ఆపితేనే బేస్ ఎక్కువగా ఉన్నట్టు అనిపించి కలవరపడ్డాను. ఈ ఆంప్లిఫయర్‌కు ఫేజ్ స్విచ్ (కోన్ కదిలే దిశను తిరగేసేది) లేదు. అన్నీ ఆపి, తీగలు విప్పి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను సబ్‌వూఫర్ ఎర్ర టెర్మినల్‌కు ఒక్క క్షణం తాకించి చూస్తే కోన్ బయటికి రావలసింది పోయి లోపలికి వెళ్లింది. ఎప్పుడో విప్పి బిగించినప్పుడు లోపల తీగలు తారుమారై ఉంటాయి. వెనక తీగలు అటూ ఇటూ మార్చగానే 60 నుంచి 80 హర్ట్జ్ మధ్య ఉన్న లోటు పూడింది. ఫ్రీక్వెన్సీ నాబ్ మీద అంకెలు లేవు కాబట్టి, ఒక మగ గొంతు మాటలు పెట్టి, బల్ల కింది నుంచి మాట వినిపించడం ఆగేవరకు తిప్పి అక్కడే వదిలేశాను.