ట్యూబులర్ రిట్రాక్టర్ అంచు కింద నుంచి కండరం లోపలికి వస్తోంది, మీరేం చేస్తున్నారు?

కాకినాడ_వెన్నుపూస:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా నడుము కింది భాగంలోని ఎల్4-5, ఎల్5-ఎస్1 డిస్కులను (వెన్నుపూసల మధ్య మెత్తలను), కండరాన్ని పక్కకు నెట్టి పట్టే ట్యూబ్ (ట్యూబులర్ రిట్రాక్టర్) ద్వారా తీస్తున్నాను. ట్యూబ్ లామినా (వెన్నుపూస వెనుక ఎముక పలక) మీద బాగానే కూర్చుందని సి-ఆర్మ్ ఎక్స్‌రేలో చూసుకుని మైక్రోస్కోప్ తెచ్చేసరికి, అంచు కింద నుంచి కండరం లోపలికి వచ్చేస్తోంది. దాన్ని కాల్చి, తీసి, ఎముక కనిపించేలా చేసుకోవడానికే పదిహేను ఇరవై నిమిషాలు పోతున్నాయి. 18 మిల్లీమీటర్ల వెడల్పు ట్యూబ్ వదిలి 22కు వెళ్లమంటారా? ట్యూబ్‌ను పట్టి ఉంచడానికి బల్లకు బిగించిన ఫ్లెక్సిబుల్ ఆర్మ్ ఆపరేషన్ మధ్యలో వాలిపోవడానికి కారణం ఏమిటి? కండరాన్ని అలా ఎంతసేపు నెట్టి ఉంచవచ్చు? అనుభవం ఉన్నవారు వివరంగా రాయగలరు.

గుంటూరు_న్యూరో:
సైజు సంగతి తరువాత చూద్దాం. మొదటి డైలేటర్‌కు (ట్యూబ్ కోసం దారిని క్రమంగా వెడల్పు చేసే గొట్టానికి) ముందు మీరు కే-వైర్ (మొనదేలిన సన్న తీగ) దింపుతున్నారా లేదా అన్నది రాయలేదు. దింపుతుంటే ఈరోజే మానేయండి. నేను ట్యూబ్ నేర్చుకుంటున్న తొలి రోజుల్లో, రెండు లామినాల మధ్య ఖాళీ వెడల్పుగా ఉన్న ఒక సన్నటి యువకుడికి ఎల్5-ఎస్1 దగ్గర వైర్ దింపాను. ఎముక తగలాల్సిన చోట ఏమీ తగల్లేదు. డైలేటర్ లోంచి ఊటలా సి.ఎస్.ఎఫ్. (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) రావడం చూసి నా చేతులు చల్లబడ్డాయి. నరాల చుట్టూ ఉన్న పొరలో పడిన రంధ్రం చిన్నదే, అతను పూర్తిగా కోలుకున్నాడు. కానీ తల ఎత్తితే నొప్పి అంటున్న కొడుకు పక్కన కూర్చున్న ఆ తల్లికి ఏం జరిగిందో నేనే స్వయంగా చెప్పవలసి వచ్చింది. అప్పటి నుంచి మొదటి డైలేటర్‌నే నేరుగా దింపి, లామినా కింది అంచును దాని కొనతో తడిమి చూసుకున్నాకే మిగిలినవి వేస్తున్నాను.

హైదరాబాద్_ఎంఐఎస్:
డాక్టరు గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నేను ఇప్పటికి 1,400కు పైగా ట్యూబ్ కేసులు చేశాను, వైర్ వల్ల ఒక్క లీక్ కూడా కాలేదు. వైర్ ఎముకకు తగిలేదాకా మాత్రమే దింపాలి, దింపేటప్పుడు పక్క నుంచి సి-ఆర్మ్ చూస్తూనే ఉండాలి, గురి ఖాళీ మీద కాకుండా లామినా, ఫాసెట్ (వెన్నుపూసల వెనుక కీలు) కలిసే చోట ఉండాలి. స్థూలకాయులలో వైర్ లేకుండా మొద్దు డైలేటర్ తోస్తే అది ఫేషియా (కండరం మీది గట్టి పొర) మీదే జారి మనం అనుకున్న చోటికి రెండు సెంటీమీటర్ల దూరంలో దిగుతుంది. తప్పు వైర్‌ది కాదు, చేతిది.

గుంటూరు_న్యూరో:
«తప్పు చేతిది» అన్న మాట నాకు బాధ కలిగించింది. ఆ రోజు నా చేతిది తప్పే, ఏం జరిగిందో నేనే రాశాను కదా. ఎంత నైపుణ్యం ఉన్న చేయి అయినా ఏదో ఒక రోజు అలసిపోతుంది. అలసిన చేతిలో మొనదేలిన వైర్ కన్నా మొద్దు కొన ఉన్న డైలేటర్ క్షేమం అన్నదే నా వాదన. ఫేషియా మీద జారకుండా ఉండాలంటే చర్మంతో పాటు ఫేషియాను కూడా బ్లేడుతో ట్యూబ్ వెడల్పుకు కొద్దిగా ఎక్కువగా కోసుకోవాలి. అది చేయని వారికే వైర్ అవసరం పడుతోంది.

ఓటీ_సిస్టర్_వరంగల్:
ఆర్మ్ గురించి అడిగిన ప్రశ్నను పెద్దలు ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఆర్మ్ వాలడానికి సగం కారణం క్లాంపే. బల్ల పక్కపట్టీ మీద షీట్ మడత ఉండగానే క్లాంప్ బిగిస్తారు, అరగంటలో గుడ్డ అణిగి అది వదులవుతుంది. అసలు డ్రేప్ (రోగిపై కప్పే శుభ్రమైన గుడ్డ) వేయకముందే క్లాంప్ స్థానం చూసి పెట్టుకోవాలి, దాని కింద ఇనుము తప్ప మరేదీ ఉండకూడదు. మిగతా సగం ఆర్మ్ కీళ్లలో ఉంటుంది. కీళ్లలోకి పోయిన సెలైన్, రక్తం ఎండిపోతే మరను ఎంత తిప్పినా పట్టు దొరకదు. ఒకసారి మాకు అద్దె సెట్టు రాత్రి పదిన్నరకు వచ్చింది, ఉదయం ఎనిమిదికి కేసు. కడగడానికి విప్పితే రెండవ డైలేటర్ లోపల ముందు ఆపరేషన్ తాలూకు రక్తం గోధుమరంగు పొరలా అంటుకుని ఉంది. డైలేటర్లన్నీ బోలుగా ఉంటాయి, లోపల సన్న బ్రష్ పోనివ్వకుండా ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పెడితే ఆ పొర కాలి గట్టిపడుతుందే తప్ప పోదు. మీ ఆసుపత్రులలో ఆ బ్రష్ ఉందా? దయచేసి ఎవరైనా చెప్పండి.

పీజీ_రెండో_సంవత్సరం:
సార్, ఒక సందేహం. 1997లో ఫోలే, స్మిత్ అనే సర్జన్లు ఈ పద్ధతిని ప్రవేశపెట్టినప్పటి నుంచి కండరం తెగదు కాబట్టి నడుంనొప్పి తగ్గుతుందని చదువుతున్నాం. కానీ 2009లో జామా (JAMA) వైద్య పత్రికలో వచ్చిన నెదర్లాండ్స్ ట్రయల్‌లో 328 మంది సయాటికా (కాలిలోకి దిగే నరం నొప్పి) రోగులను ట్యూబ్‌కూ, మామూలు మైక్రోడిస్కెక్టమీకీ (మైక్రోస్కోప్ కింద డిస్క్ తీయడానికీ) లాటరీ పద్ధతిలో పంచితే ట్యూబ్ మెరుగని తేలలేదు. కాలునొప్పి, నడుంనొప్పి స్కోర్లలో ట్యూబ్ వర్గమే కొద్దిగా వెనకబడింది. మరి ఈ శ్రమ అంతా ఎందుకు?

హైదరాబాద్_ఎంఐఎస్:
బాబూ, ఆ పోలిక దేనితోనో గమనించు. 1977 నాటికే కాస్పర్, యాసర్గిల్ అనే సర్జన్లు మైక్రోస్కోప్ కింద చిన్న కోతతో డిస్క్ తీసి చూపించారు. ఆ చిన్న కోత శస్త్రచికిత్సతో పోల్చినప్పుడు, ఒక్క డిస్క్ తీయడంలో తేడా పెద్దగా ఉండదు. ట్యూబ్ విలువ స్థూలకాయులలోనూ, ఒకవైపు నుంచే ట్యూబ్ వాల్చి రెండోవైపు స్టెనోసిస్ (నరాల దారిలోని ఇరుకు) తీసేటప్పుడూ తెలుస్తుంది. నా 1,400 కేసులలో...

గుంటూరు_న్యూరో:
మీ 1,400 కేసులలో ఎన్నింటికి రెండేళ్ల తరువాత నడుంనొప్పి స్కోరు రాసి పెట్టారో అది చెప్పండి. ఆ విద్యార్థి అడిగింది సరైన ప్రశ్న. లెక్క రాసిన వారి మాటకు, రాయని వారి మాటకు తేడా ఉంటుంది.

విశాఖ_రోగి:
నేను డాక్టర్ని కాను, పాఠశాలలో లెక్కలు చెబుతాను. మూడేళ్ల క్రితం నాకు ఎల్5-ఎస్1 చేశారు. అది లేజర్ ఆపరేషన్ అని చెప్పి తీసుకువెళ్లారు. డిశ్చార్జ్ కాగితం చదివితే లేజర్ మాట ఎక్కడా లేదు, ట్యూబులర్ డిస్కెక్టమీ అని ఉంది. అదే సాయంత్రం నడిచాను, కాలునొప్పి పోయింది, మచ్చ రెండు సెంటీమీటర్లు. అందుకు కృతజ్ఞుడిని. కానీ చిటికెన వేలి వైపు పాదంలో తిమ్మిరి ఈనాటికీ ఉంది. అది ముందునుంచే ఉన్న నరం నొక్కుడు వల్లనా, లోపల నరాన్ని పక్కకు లాగినందువల్లనా అని అడిగితే «కోత చిన్నది కదండీ» అన్నారు. కోత చిన్నదన్నది నా ప్రశ్నకు జవాబు కాదు. ట్యూబ్ నెట్టేది కండరాన్ని అని ఈ చర్చ చదివాకే నాకు అర్థమైంది, నరాన్ని లాగేది వేరే పనిముట్టు అన్నమాట. ఆ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది.

బర్మింగ్‌హామ్_తెలుగు:
మాస్టారూ, మీరడిగిన ప్రశ్నకు మీ పాత ఎమ్మారై, ఆపరేషన్‌కు ముందు రాసిన పరీక్ష కాగితం చూసినవారే జవాబు చెప్పగలరు. ముందే తిమ్మిరి ఉందని అందులో రాసి ఉందేమో చూడండి.

ఇక కాకినాడ మిత్రుని మొదటి ప్రశ్నకు వస్తాను. కండరం లోపలికి రావడానికి వెడల్పు కన్నా పొడవే ముఖ్య కారణం. చివరి డైలేటర్ మీద ఉన్న గీతలలో చర్మం దగ్గర ఏ అంకె కనిపిస్తోందో చూసి, దాని ప్రకారం ట్యూబ్ తీసుకోవాలి. పొట్టి ట్యూబ్ తీసుకుంటే అంచు ఎముకకు చేరదు. మరీ పొడవుదైతే చర్మం పైన లేచి ఉండి కెరిసన్ (ఎముకను కొరికి తీసే పనిముట్టు) పట్టిన చేతికి అడ్డం వస్తుంది. ఎల్5-ఎస్1 దగ్గర లామినా వాలుగా ఉంటుంది కాబట్టి ట్యూబ్‌ను నిటారుగా దించితే ఒకవైపు అంచు ఆని, రెండోవైపు అంచు గాలిలో ఉండిపోతుంది. ఆ సందులోంచే కండరం వస్తుంది. ట్యూబ్‌ను డిస్క్ వాలుకు తగ్గట్టు వంచి, ఒక చేత్తో గట్టిగా కిందికి అదిమి పట్టుకుని ఉండగానే రెండో చేత్తో ఆర్మ్ బిగించాలి. అదిమిన చేయి ముందే తీసేస్తే రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, ఆ కాస్త చాలు.

వెడల్పు విషయం: 18 మిల్లీమీటర్ల ట్యూబ్ లోపల ఉజ్జాయింపున 254 చదరపు మిల్లీమీటర్ల చోటుంటే, 22కు 380 వస్తుంది, అంటే దాదాపు సగం ఎక్కువ. కానీ ఆ చోటంతా కండరం ఇచ్చినదే. ఒక్క డిస్క్‌కు 18 చాలు. ఎంతసేపు అన్నదానికి, 1990లలో కవాగుచి బృందం రిట్రాక్టర్ వల్ల కండరానికి కలిగే దెబ్బ మీద చేసిన పరిశోధనలు చదవండి. ఒత్తిడి, సమయం రెండూ పెరిగిన కొద్దీ కండరం దెబ్బతినడం పెరిగింది. ట్యూబ్‌లోనూ ఆ సూత్రం మారదు.

విశాఖ_బయోమెడికల్:
ట్యూబ్ కింది అంచును వేలితో కాక గాజుగుడ్డతో చుట్టూ తడిమి చూడండి. ఎక్కడైనా దారం పట్టిందంటే అంచు నొక్కుకుపోయి గరుకైందని అర్థం. ట్రేలో ట్యూబులు ఒకదానిమీద ఒకటి పడేసే చోట ఇది తరచుగా కనిపిస్తుంది. లోపలి నల్లపూత గీసుకుపోతే మైక్రోస్కోప్ వెలుతురు మెరిసి కళ్లలో కొడుతుంది, అలాంటి ట్యూబ్‌ను పక్కన పెట్టాలి.

హైదరాబాద్_ఎంఐఎస్:
గుంటూరు డాక్టరు గారికి: రెండేళ్ల స్కోర్లు నా దగ్గర మొదటి కేసు నుంచీ లేవు, గత నాలుగేళ్లవి మాత్రమే ఉన్నాయి. అయినా వైర్ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

కాకినాడ_వెన్నుపూస:
అందరికీ ధన్యవాదాలు. మంగళవారం ఎల్5-ఎస్1 కేసులో 18నే వాడి, నేను అలవాటుగా తీసుకునే 5 సెంటీమీటర్ల ట్యూబ్ బదులు డైలేటర్ గీత చూసి 6 తీసుకున్నాను. కొద్దిగా వాల్చి, అదిమి పట్టుకుని ఉండగా సిస్టర్ ఆర్మ్ బిగించారు. మైక్రోస్కోప్ పెట్టగానే లామినా అంచు, పసుపురంగు ఫ్లేవమ్ (లామినాల మధ్య లిగమెంట్) కనిపించాయి, శుభ్రం చేసుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. క్లాంప్ కింద చూస్తే మా బల్ల మీద కూడా షీట్ మడత ఉంది. సన్న బ్రష్ మా స్టోరులో లేదు. వరంగల్ సిస్టర్ గారూ, మీరు ఏ సైజు వాడుతున్నారో రాస్తే ఈ వారమే ఇండెంట్ పెడతాను.