అడవిలోనే వీర్య పరీక్ష: ఫోనుకు బిగించే మైక్రోస్కోపును ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (జూ పశువైద్యుడు):
నమస్కారం. హైదరాబాద్‌లోని లాకోన్స్‌లో (అంతరించిపోతున్న జీవజాతుల పరిరక్షణ ప్రయోగశాల) 2007లో కృత్రిమ గర్భధారణ ద్వారా కృష్ణజింక పిల్ల పుట్టినప్పటి నుంచి ఈ పని మీద నాకు ఆసక్తి ఉంది. చికిత్స కోసం జంతువుకు మత్తు ఇచ్చినప్పుడే వీర్యం సేకరించి భద్రపరచాలని మా ఆలోచన. అయితే నమూనా ప్రయోగశాలకు చేరేసరికి కణాల కదలిక బాగా పడిపోతోంది. ఫోను కెమెరాకు బిగించే మైక్రోస్కోపు, దానితో వచ్చే లెక్కింపు యాప్ వాడమని కొందరు చెబుతున్నారు. మనుషుల కోసమో పశువుల కోసమో తయారైన ఆ పరికరం వన్యప్రాణులకు పనికివస్తుందా?

జవాబు (ప్రయోగశాల పరిశోధకురాలు):
వీడియోను నమ్మండి, యాప్ ఇచ్చే శాతాన్ని వెంటనే నమ్మకండి. కణం తల పరిమాణాన్ని బట్టి లెక్కించే యాప్, ఒక జాతికి సరిచేసిన కొలతలతో మరో జాతిని చూస్తే చెత్తను కూడా వీర్యకణంగా లెక్కిస్తుంది. నమూనా చిక్కగా ఉంటే కణాల దారులు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి కాబట్టి పలచన చేయాలి. కెమెరా సెకనుకు తీసే చిత్రాల సంఖ్య మారితే వేగం విలువ కూడా మారుతుంది. అందుచేత ప్రతిసారీ ఒకే అమరిక వాడండి. మొదట్లో కొన్ని వీడియోలలోనైనా 200 కణాలను కంటితో లెక్కించి యాప్ ఫలితంతో పోల్చుకోవడం తప్పనిసరి.

జవాబు (క్షేత్రస్థాయి పశువైద్యుడు):
అంతకన్నా ముందు వేడి సంగతి చూడండి, సర్. చలికాలపు ఉదయం చల్లని స్లైడు మీద చుక్క వేస్తే మంచి వీర్యం కూడా చచ్చినట్టే కనిపిస్తుంది, ఆ పొరపాటును ఏ పరికరమూ దిద్దలేదు. బ్యాటరీతో నడిచే చిన్న వేడి పలక మీద స్లైడును 37 డిగ్రీల దగ్గర ఉంచండి. మత్తులో ఉన్న జంతువుకు స్వల్ప విద్యుత్ ప్రేరణ ఇచ్చి వీర్యం సేకరించేటప్పుడు అందులో మూత్రం కలిస్తే కదలిక ఆగిపోతుంది కనుక రంగును, వాసనను కూడా గమనించి రాసుకోండి.

జవాబు (ప్రయోగశాల పరిశోధకురాలు):
ఇంకొక మాట. కదలిక బాగున్నంత మాత్రాన వీర్యం బాగున్నట్టు కాదు. 1987లో వెలువడిన పరిశోధనలో గిర్ సంతతి సింహాల వీర్యకణాలలో సుమారు మూడింట రెండొంతులు ఆకృతి లోపంతో ఉన్నట్టు తేలింది; ఆఫ్రికాలోని సెరెంగెటి సింహాలలో అది నాలుగో వంతు మాత్రమే. తోకల మెలికలు, తలల వంకరలు ఫోను లెన్సుకు సరిగా అందవు. అయితే కదలికలా ఆకృతి గంటల్లో మారిపోదు. ఒక చుక్కను ఫార్మలిన్ కలిపిన ఉప్పు ద్రావణంలో వేస్తే, తీరిగ్గా ప్రయోగశాలలో నూనె లెన్సు (స్లైడు మీద నూనె చుక్క వేసి చూసే, బాగా పెద్దదిగా చూపే లెన్సు) కింద చూడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. వీడియోకు, ఫార్మలిన్ సీసాకు ఒకే సంఖ్య వేసి రెండూ పంపుతాం. ఫలితం బాగా లేకపోతే ఆ మగ జంతువును పక్కన పెట్టవచ్చా?

జవాబు (క్షేత్రస్థాయి పశువైద్యుడు):
ఒక్క నమూనాతో అలా తేల్చవద్దు. ఉదాహరణకు, చుక్కల దుప్పి కొమ్ములు తోలు కప్పుకొని పెరుగుతున్న దశలో వీర్యం నాణ్యత తగ్గుతుంది, కొమ్ములు గట్టిపడ్డాక మెరుగవుతుంది. కొమ్ముల స్థితిని కూడా నమూనా సంఖ్య పక్కనే నమోదు చేయండి.