మల్నాడ్‌లో 50 కిలోమీటర్ల కొండ పరుగు: తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఎవరైనా వెళ్లారా?

చిత్తూరు_పరుగు
అందరికీ నమస్కారం. రోడ్డు మీద హాఫ్ మారథాన్లు పరిగెత్తాను, ఫుల్ కూడా అయింది. ఆ ఊపులో మల్నాడ్ అల్ట్రా 50 కిలోమీటర్లకు పేరిచ్చేశాను, అదే కర్ణాటక కాఫీ తోటల కొండల్లో జరిగే, మారథాన్ కంటే పొడుగు పరుగు. ఇంకా నాలుగు నెలల టైముంది. నా ప్రాక్టీసంతా మెసానికల్ మైదానంలో, లేదంటే కాణిపాకం రోడ్డు మీద. కొండలంటే బండి మీద ఎక్కడమే. ఏ బూట్లు కొనాలి? నీళ్ల బ్యాగు తప్పనిసరా? వారం వారం తిరుపతి వచ్చి అలిపిరి మెట్లెక్కితే సరిపోతుందా? ఇంట్లో ఇప్పటికే "ఈ వయసులో నీకెందుకిది" అంటున్నారు, ఖర్చు సంగతి కాస్త చూసి చెప్పండి.

బూట్ల_పిచ్చి
ముందు ట్రైల్ షూ, అంటే మట్టి బాటల్లో పరిగెత్తే బూట్లు కొనండి. రోడ్డు బూట్లతో కాఫీ తోటల బురదలో దిగితే జారుడే జారుడు. అడుగున 4, 5 మిల్లీమీటర్ల పళ్లున్నవి చూడండి. మిగతావన్నీ తర్వాత.

అలిపిరి_నాలుగున్నర
బూట్లే తర్వాత అంటాను నేను. మన తిరుపతి వాళ్లందరిదీ ఒకటే కథ. తెల్లారుజామున అలిపిరిలో మొదలుపెడతాం, 3,550 మెట్లూ ఎక్కేస్తాం, పైన గోపురానికి దండం పెట్టుకుంటాం, బస్సెక్కి కిందికొచ్చేస్తాం. ఏళ్ల తరబడి ఇదే. ఊపిరి బాగుంటుంది, పిక్కలు గట్టిగా ఉంటాయి, ఎక్కుడులో బెంగళూరు వాళ్లను కూడా దాటేస్తాం. తీరా పరుగులో మొదటి పెద్ద దిగుడు రాగానే వాళ్లే మనల్ని దాటుకుని వెళ్లిపోతారు. సగం దూరం అయ్యేసరికి తొడలు వణుకుతాయి. ఎందుకంటే దిగడం మన కాళ్లకు అలవాటే లేదు. దిగే పనంతా ఇన్నాళ్లూ ఆర్టీసీ బస్సు చేసింది.

ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ మన బరువును ఆపాలి. దెబ్బ అక్కడ తగులుతుంది. మొదటిసారి గట్టిగా దిగినవాళ్లకు నొప్పి ఆ రోజు తెలియదు. మర్నాడు, ఆ మర్నాడు కుర్చీలోంచి లేవలేరు. ఇందులో మంచి విషయం ఒకటుంది. ఒకసారి అలా దెబ్బతిని కోలుకున్న కండరం, మళ్లీ అదే పని పెడితే కొన్ని వారాల పాటు అంతగా దెబ్బతినదు. కాబట్టి రేసు రోజుకు ముందే దానికి ఆ దెబ్బ పరిచయం చేయాలి. కొంచెం కొంచెంగా మొదలుపెట్టి, పెంచుకుంటూ పోయి, చివరి పెద్ద దిగుడు రేసుకు రెండు మూడు వారాల ముందు ముగించండి.

మంగాపురం_మెట్లు
అన్న చెప్పింది నిజం. శ్రీవారి మెట్టు వైపు ఇంకా తేడా తెలుస్తుంది. 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే, అంటే దాదాపు నిలువు. అలిపిరిలో గాలిగోపురం దాటాక చాలా దూరం చదునుగా పోతుంది, మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గర గానీ పరీక్ష ఉండదు. ఇక్కడ ఆ విశ్రాంతి లేదు. గుండె ఎంత కొట్టుకుంటుందో చూసుకుంటూ ఒకే వేగంతో ఎక్కడం ప్రాక్టీసు చేయడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

రెండు చేతులూ తొడల మీద పెట్టి నొక్కుతూ నడవడం నేర్చుకోండి. 50 కిలోమీటర్ల కొండ పరుగులో మామూలు మనుషులెవరూ ప్రతి ఎక్కుడూ పరిగెత్తరు. నిలువు వచ్చినచోట గట్టిగా నడవడమే తెలివి.

గోవిందా_భక్త
ఒక మాట, కోపగించుకోవద్దు. అది భక్తులు చెప్పుల్లేకుండా నడిచే దారి. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్లుంటారు, మోకాళ్ల మీద ఎక్కే ముసలివాళ్లుంటారు. వాచీ చూసుకుంటూ పక్కనుంచి దూసుకుపోయే వాళ్లను చూస్తే మాకు చిరాకేస్తుంది. మీ ట్రైనింగుకు వేరే కొండ దొరకలేదా?

అలిపిరి_నాలుగున్నర
నిజమే స్వామీ, ఒప్పుకుంటాను. నేను ఆ దారిలో పరిగెత్తను, నడుస్తాను. బూట్లు కూడా వేసుకోను. వట్టి కాళ్లతో వేగంగా నడిచినా చాలినంత పని అవుతుంది, పాదం కూడా గట్టిపడుతుంది. పైగా కుంకుమ, కర్పూరం, కొబ్బరినీళ్లు పడ్డ రాతి మెట్ల మీద దిగుతూ పరిగెత్తడమంటే పళ్లు రాలగొట్టుకోవడమే. దిగుడు ప్రాక్టీసు అక్కడ వద్దనే నేనూ అంటాను.

చిత్తూరు_పరుగు
మరి దిగుడు ఎక్కడ చేయాలి? అడవిలోకి పోవచ్చా? తలకోన వైపు, కల్యాణి డ్యామ్ వైపు బాటలున్నాయని విన్నాను.

అడవి_ఉద్యోగం_అయిపోయింది
అటవీ శాఖలోనే పని చేసి రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నాను. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. అందులో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. అనుమతి లేకుండా లోపలికి పోతే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే. "మేం పరిగెత్తడానికొచ్చాం సార్" అంటే నడవదు. అందులోనూ చీకట్లో తలకు లైటు కట్టుకుని, వీపున సంచీ వేసుకుని ఎర్రచందనం అడవిలో పరిగెత్తే మనిషిని చూసి మావాళ్లు ఏమనుకుంటారో మీరే ఆలోచించండి.

తలకోనలో జలపాతం వైపు టికెట్ తీసుకుని వెళ్లే బాట ఉంది. పగటిపూట, అక్కడి సిబ్బందికి చెప్పి ఆ బాటలోనే తిరగండి. చిరుతల సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిన్న పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే మధ్యాహ్నం నుంచి పిల్లలను ఆ దారిలో పంపకపోవడం, పెద్దలను గుంపులుగా పంపడం లాంటివి మొదలయ్యాయి. వేళలు మారుతుంటాయి, వెళ్లే ముందు కనుక్కోండి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచుల్లో అయితే ఏనుగులు. అక్కడ తెల్లారుజాము పరుగు అసలే వద్దు. ఏనుగు తరుముకొస్తే అడవిలో తప్పించుకోవడం మన వల్ల అయ్యే పని కాదు.

మదనపల్లె_చలి
హార్స్‌లీ హిల్స్‌కు రండి. పెద్దవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు. ఎత్తు 1,265 మీటర్లు. ఘాట్ రోడ్డు కాబట్టి కాలి కింద రాళ్లుండవు, దిగుడుకు కాళ్లు అలవాటు పడేవరకు అదే మేలు. శని ఆదివారాల్లో మాత్రం కార్లు ఎక్కువ, వారం మధ్యలో పొద్దున్నే రండి. దిగేటప్పుడు వెనక్కి వాలి బ్రేకులేసినట్టు మడమ మీద ఆగొద్దు. చిన్న చిన్న అడుగులు, వేగంగా. కళ్లు పాదాల మీద కాదు, నాలుగైదు అడుగుల ముందు ఉండాలి.

చిత్తూరులో ఉన్న రోజు ఇంటి మెట్లే చాలు. ఒక్క కాలి మీద మెట్టు దిగడానికి నాలుగు సెకన్లు తీసుకోండి. విసుగ్గా ఉంటుంది, అదే పని చేస్తుంది.

పీలేరు_అక్క
బూట్ల గురించి ఆడవాళ్లెవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు బూట్లు చూడండి. పొడవైన వేలికి ముందు బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి. దిగుడులో పాదం ముందుకు జారుతుంది, ఖాళీ లేకపోతే గోళ్లు నల్లబడి ఊడిపోతాయి. మీ లేసు చివరి రంధ్రం వాడండి, అక్కడ చిన్న ఉచ్చు వేసి బిగిస్తే మడమ కదలదు. ఈ చిట్కాకు పైసా ఖర్చు లేదు.

నీళ్ల వెస్ట్, అదే చొక్కాలా తొడుక్కునే నీళ్ల బ్యాగు, కొనేటప్పుడు ఒంటి మీద వేసుకుని, నిండా నీళ్లు పోసి, షాపులోనే గెంతి చూడండి. సిగ్గుపడొద్దు. మగవాళ్ల కొలతకు కుట్టినవి మనకు భుజాల దగ్గర ఒరుసుకుంటాయి. ఛాతీ మీద అర లీటరు మెత్తటి సీసాలు రెండు పట్టేది చాలు. ఒరుసుకునే చోటల్లా ముందే వాసెలిన్ పూసుకోవాలి, పుండు పడ్డాక పూస్తే అరుపులే.

ఇంకో మాట. ఒంటరిగా కొండకు వెళ్లే ఆడవాళ్లను "తోడు తెచ్చుకో" అనడం తేలిక. మాకు తోడు దొరకడమే కష్టం. ఈ గుంపులో ఎవరైనా పీలేరు, భాకరాపేట వైపు ఉంటే చెప్పండి.

బూట్ల_పిచ్చి
అక్కా, లేసు చిట్కాకు దండాలు. చిన్న సవరణ: పళ్లు ఎక్కువున్న బూట్లతో మెట్లూ తారు రోడ్డూ చేయొద్దు, నెలలోనే అరిగిపోతాయి. సాలొమన్, హోకా లాంటివి డబ్బుంటే తీసుకోండి. లేదంటే డెకాథ్లాన్ వాళ్ల సొంత ట్రైల్ జత మొదటి 50కి చాలు. చెన్నైకో బెంగళూరుకో పోయినప్పుడు తొడిగి చూసి కొనండి. ఆన్‌లైన్‌లో సైజు చూసి కొనడం జూదమే.

కుప్పం_ఎక్స్‌ప్రెస్
తిండి సంగతి ఎవరూ ఎత్తరేం? గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. పరుగులో చీకే ఆ తియ్యటి జెల్లు ప్యాకెట్లు ఒక్కోటి ఎంత పలుకుతాయో చూశారుగా. మామూలు అరటిపండులో పాతిక గ్రాములుంటుంది. బెల్లం ముక్కంటే దాదాపు చక్కెరే. నేను బెల్లం, ఖర్జూరం, ఉప్పేసి ఉడికించిన చిన్న ఉర్లగడ్డలు పెట్టుకుంటాను. పల్లీ చిక్కీ రుచే గానీ నూనె ఎక్కువ, పరిగెత్తేటప్పుడు మెల్లగా అరుగుతుంది. నడిచే ఎక్కుడులో అయితే పర్లేదు. ముందురోజు రాత్రి సంగటి, ఊరిబిండి తినడం నా ఇష్టం. కారం మాత్రం తగ్గిస్తాను. ఎందుకో అడగొద్దు.

ఏది తిన్నా ప్రాక్టీసులో తిని చూడాలి. రేసు రోజు కొత్త తిండి పెడితే కడుపు ఊరుకోదు.

చిత్తూరు_పరుగు
మరి ఎలక్ట్రాల్ పొడో, మెడికల్ షాపులో ఓఆర్ఎస్ అని దొరికే టెట్రా ప్యాకెట్లో చాలవా?

ఫిజియో_రేణిగుంట
జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఉన్న పొడి ప్యాకెట్ వేరు, ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న తియ్యటి డ్రింకులు వేరు. హైదరాబాదు పిల్లల డాక్టరమ్మ ఒకరు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అసలు పొడి ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. అందులో గ్లూకోజు 13.5 గ్రాములే, అంటే అది ఉప్పు కోసం, శక్తి కోసం కాదు. తిండి వేరేగా తినాల్సిందే.

ఉట్టి నీళ్లు అదే పనిగా తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోతే తలనొప్పి, వాంతులు, మతి తప్పడం, ఆపైన ప్రాణం మీదికే వస్తుంది. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. తగ్గిన కిలోకు దాదాపు లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగింది కూడా కలపాలి. తర్వాత బరువు పెరిగి ఉంటే ఎక్కువ తాగారన్నమాట. మే నెల తిరుపతిలో వచ్చిన లెక్క మల్నాడ్ చల్లదనంలో పనికిరాదు, అక్కడ తక్కువ చాలు.

పరుగు మధ్యలో ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మింగొద్దు. ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

మంగాపురం_మెట్లు
మడమ బెణికితే పుత్తూరు కట్టు ఉండనే ఉంది కదా, మాత్రలెందుకు!

ఫిజియో_రేణిగుంట
నవ్వొచ్చినా చెబుతాను. బెణికాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, లేదా చీలమండ ఎముక వెనక నొక్కితే ప్రాణం పోయినట్టుంటే, ముందు ఎక్స్‌రే. కట్టు మాట ఆ తర్వాత. విరగని బెణుకును నెలరోజులు కదలకుండా కట్టేస్తే కాలు బిగుసుకుపోతుంది, మళ్లీ బెణికే అవకాశం పెరుగుతుంది. రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, కళ్లు మూసుకుని కూడా. కొండ పరుగుకు అదొక మంచి బీమా.

అలిపిరి_నాలుగున్నర
చిత్తూరు తమ్ముడూ, వారానికి ఇలా పెట్టుకో. ఎక్కువ రోజులు మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత మెల్లగా. ఒకరోజు నిలువు ఎక్కుడు. ఒకరోజు దిగుడు, లేకపోతే మెట్ల పని. ఆదివారం పొడుగు పరుగు, కిలోమీటర్లు కాదు గంటలు లెక్కపెట్టు. రోడ్డు మీద కిలోమీటరుకు ఆరు నిమిషాలు తీసుకునేవాడికి కొండలో పది, పన్నెండు పట్టడం మామూలే. వాచీ చూసి టెన్షన్ పడొద్దు. రేసుకు ముందు రెండు వారాలు తగ్గించు.

చిత్తూరు_పరుగు
అందరికీ థాంక్స్. ముందు హార్స్‌లీ హిల్స్, తర్వాత బూట్లు. ఇంట్లో కూడా ఈ వరసే చెప్పాను, ఒప్పుకున్నారు. చివరగా ఒకటి: అక్కడ జలగలుంటాయట, నిజమేనా?

మదనపల్లె_చలి
వాన పడితే ఉంటాయి. పొడుగు సాక్సులు వేసుకోండి, ప్యాంటు అంచు లోపలికి దోపండి. పట్టిందని తెలిస్తే గోటితో పక్కకు గీకేయండి, లాగొద్దు. అది వదిలాక కూడా రక్తం కాసేపు కారుతుంది, గడ్డకట్టకుండా అది ఏదో వదులుతుంది కాబట్టి. గుడ్డతో నొక్కి పట్టి ముందుకు పొండి.

పీలేరు_అక్క
తడిసిన బూట్లను ఎండలో పెట్టొద్దు, జిగురు ఊడుతుంది. లోపల పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టండి. పాత పేపర్లు నాలుగు సంచీలో వేసుకెళ్లండి, అక్కడ తోటల్లో ఎవరినడుగుతారు.